సంఖ్య ప్రక్కన నిలిచే మాట: రసాయనశాస్త్రంలో ప్రమాణాల మార్పిడి

తెలుగు చెప్పుకొని జీవించే మేము రసాయనశాస్త్రాన్ని గురించి వ్రాయబూనడం పలువురికి వింతగా తోచవచ్చు. ఆ శాఖలోని మిత్రులు మా సాహసాన్ని చూచి నవ్వుకొన్నా మేము నొచ్చుకొనము. అయితే దీనికొక కారణమున్నది. కళాశాల తెరచిన మూడు నాలుగు మాసాలకు కొందరు విద్యార్థులు సైన్సు గ్రూపు వదలి ఆర్ట్సు గ్రూపులో చేరుతామని అర్జీలు పట్టుకొని తిరుగుతూ ఉంటారు. ద్వితీయ భాష తరగతిలో అన్ని గ్రూపుల వారూ మా యెదుటనే కూర్చుంటారు గనుక వారి కష్టసుఖాలు మా చెవిని పడకపోవు. "ఎందుకు వదులుతున్నావయ్యా?" అని అడిగితే పరమాణు నిర్మాణం బోధపడలేదనో, ఆవర్తన పట్టిక గుర్తుండటం లేదనో వారు చెప్పరు. "లెక్కలు రావడం లేదు సార్" అంటారు. ఆ లెక్కలేవో చూపమంటే చూపేవన్నీ గుణకారాలు, భాగహారాలే! ఏడవ తరగతి పిల్లలు చేయగలిగినవే. కాగితాన్ని ఓపికగా పరిశీలిస్తే అసలు లోపం ఎక్కడున్నదో తెలుస్తుంది. అంకెలు సక్రమంగానే ఉంటాయి. అంకెల ప్రక్కన ఉండవలసిన మాట ఉండదు.

మాట లేకపోవడం భాషాబోధకులకు సంబంధించిన విషయమే కదా. అందువలన ఈ వ్యాసం వ్రాయడానికి మాకు కొంత అధికారమున్నదని భావిస్తున్నాము.

మరొక అర్హత కూడా ఉన్నది. ఇంటర్మీడియట్‌లో మేమూ రసాయనశాస్త్రం చదివినవారమే. ఒకనాడు ప్రయోగశాలలో అంశమాపనం ముగించి, ఫలితం 25 అని వ్రాసి, గర్వంగా అధ్యాపకుల ముందు నిలిచాము. ఆయన కాగితం చూచి, "ఇరవై అయిదు ఏమిటయ్యా? మామిడిపండ్లా?" అని అడిగారు. తరగతి అంతా గొల్లుమన్నది. అది మిల్లీలీటర్లా, గ్రాములా, శాతమా అన్నది మాకు నిజంగానే తెలియదు. ఆ ప్రశ్న ఆనాడు అవమానంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే, రసాయనశాస్త్రంలో మాకు లభించిన ఉత్తమమైన పాఠం ఆ ఒక్క ప్రశ్నయే అనిపిస్తున్నది.

తెలుగులో యూనిట్‌ను 'ప్రమాణం' అంటున్నాము. ఒట్టు పెట్టుకోవడాన్నీ ప్రమాణమే అంటాము. ఈ రెండర్థాలూ ఒకదానికొకటి దూరమైనవి కావు. 'అయిదు గ్రాములు' అని వ్రాసినవాడు, గ్రాము అని లోకం ఒప్పుకొన్న దానికి అయిదు రెట్లున్నదని మాట ఇస్తున్నాడు. వట్టి 'అయిదు' అని వ్రాసినవాడు ఏ మాటా ఇవ్వలేదు, కనుక అతనిని ఎవరూ నమ్మనవసరం లేదు. ఉర్దూలో యూనిట్‌ను 'ఇకాయీ' అంటారు. స్థానవిలువలు నేర్చేటప్పుడు ఇకాయీ, దహాయీ అని పిల్లలు వల్లించేదీ ఆ మాటనే. ఏకత్వమే దాని మూలార్థం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన కాలంలో, దానికి కొంచెం ముందుగానే, 1917లో, నెలకొల్పిన దారుల్ తర్జుమా విద్వాంసులు విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చారు. పారిభాషిక పదం అర్థమైనవానికి శాస్త్రం సగం అర్థమైనట్లే అన్న విశ్వాసం ఆ ప్రయత్నం వెనుక ఉన్నది. మన విద్యార్థులు కొందరు ఉర్దూ మాధ్యమం నుంచీ, కొందరు తెలుగు మాధ్యమం నుంచీ వచ్చి, ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు కూర్చుంటారు. 'యూనిట్' అన్నది వారికి పరీక్షలో ఒక మార్కు పోగొట్టే వస్తువుగానే పరిచయమవుతుంది. 'ఒకటి' అనే దాని అర్థం ఎవరూ చెప్పరు. ఆ అర్థంలోనే మార్పిడి రహస్యమంతా ఉన్నది.

ఏ సంఖ్యనైనా ఒకటితో గుణిస్తే విలువ మారదు. ఇది అందరికీ తెలిసినదే. 1 కిలోమీటరూ 1000 మీటర్లూ ఒకే దూరం. కావున ఒకదానిని లవంలోనూ, రెండవదానిని హారంలోనూ వ్రాస్తే ఆ భిన్నం విలువ ఒకటి. తలక్రిందులు చేసి వ్రాసినా ఒకటే. ప్రమాణాల మార్పిడి అంటే ఇటువంటి 'ఒకటి'తో గుణించడం తప్ప వేరేమీ కాదు. ఏ రూపాన్ని ఎన్నుకోవాలి అన్నదే ప్రశ్న. మనకు అక్కరలేని ప్రమాణం ఎక్కడున్నదో చూడాలి. అది లవంలో ఉంటే దానిని హారంలో ఉంచే భిన్నాన్ని తెచ్చుకోవాలి. హారంలో ఉంటే లవంలో ఉంచేదానిని తెచ్చుకోవాలి. పైదీ క్రిందిదీ కొట్టివేయగా మిగిలినదే జవాబు. గంటకు 72 కిలోమీటర్ల వేగాన్ని సెకనుకు మీటర్లలోనికి మార్చాలనుకొందాము.

(72 కి.మీ. / 1 గంట) × (1000 మీ. / 1 కి.మీ.) × (1 గంట / 3600 సె.) = 20 మీ. / సె.

కిలోమీటరు కిలోమీటరుతో పోయింది, గంట గంటతో పోయింది. ఈ లెక్కకు మన పిల్లలు '5/18తో గుణించు' అనే సూత్రాన్ని బట్టీ పట్టి వస్తారు. పోటీ పరీక్షల శిక్షణ ఇచ్చే చోట ఇది చాలా ప్రసిద్ధం. ఆ సూత్రం తప్పు కాదు. కాని అది ఒక్క తాళానికే సరిపోయే తాళపుచెవి. పరీక్ష మందిరంలో ఆందోళన వలన 5/18 కాస్తా 18/5 అయితే, తప్పిదాన్ని తెలుసుకొనే సాధనమేదీ విద్యార్థి వద్ద ఉండదు. ప్రమాణాలు వ్రాసినవాడు భిన్నాన్ని తలక్రిందులుగా పెట్టినా, కిలోమీటరు కొట్టివేతకు లొంగక రెండు మార్లు మీదనే నిలిచి అతనిని హెచ్చరిస్తుంది. బట్టీకి మేము విరోధులము కాము. పద్యం బట్టీ పట్టవలసినదే! సూత్రం మాత్రం అర్థమైన తరువాతనే కంఠస్థం కావాలి.

ఇక మా దృష్టికి వచ్చిన ఒక కాగితాన్ని గూర్చి చెబుతాము. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌ను నీటిలో కరిగించి 250 మిల్లీలీటర్ల ద్రావణం చేస్తే మొలారిటీ ఎంత అన్నది ప్రశ్న. అమ్మాయి 4ను 40తో భాగించి 0.1 అని సరిగానే వ్రాసింది. పిమ్మట 0.1ని 250తో భాగించి 0.0004 అని ముగించింది. మొలారిటీ అంటే ఒక లీటరు ద్రావణంలో ఉండే మోల్‌ల సంఖ్య అనే నిర్వచనం పై పంక్తిలో ఆమె చక్కని దస్తూరితోనే వ్రాసి ఉన్నది. నిర్వచనంలో లీటరు, లెక్కలో మిల్లీలీటరు! 250 ప్రక్కన 'మి.లీ.' అని రెండక్షరాలు వ్రాసి ఉంటే ఆమె చేయి అక్కడనే ఆగేది. 250 మి.లీ. అంటే 0.250 లీటరు గనుక జవాబు 0.4 మోలార్. ఆమె జవాబుకూ సరియైన జవాబుకూ వేయి రెట్ల తేడా. "కొంచెం పొరపాటే కదా సార్" అన్నది. ఒక ఇటుకకూ వేయి ఇటుకలకూ ఉన్న తేడాను కొంచెమని ఎవరంటారమ్మా అని మేము అనవలసి వచ్చింది.

ఈ పద్ధతిలోని అందమంతా ఒక పెద్ద లెక్కలో కనబడుతుంది. ప్రయోగశాల బీరువాలో ఉండే గాఢ సల్ఫ్యూరికామ్లం సీసా మీద మొలారిటీ సాధారణంగా ఉండదు. సాంద్రత మి.లీ.కు 1.84 గ్రాములనీ, ద్రవ్యరాశిని బట్టి 98 శాతమనీ ఉంటుంది. దాని అణుభారం 98. విద్యార్థికి ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు ముక్కలుగా కనబడతాయి. వాస్తవానికి ఇవి మూడూ మూడు వంతెనలు. సాంద్రత మిల్లీలీటరు నుంచి గ్రాముకు తీసుకొనిపోతుంది. శాతం ద్రావణపు గ్రాముల నుంచి ఆమ్లపు గ్రాములకు తీసుకొనిపోతుంది. అణుభారం ఆమ్లపు గ్రాముల నుంచి మోల్‌కు చేరుస్తుంది. వంతెనలన్నీ వరుసగా వేసి చూడండి.

(1.84 గ్రా. ద్రావణం / 1 మి.లీ.) × (1000 మి.లీ. / 1 లీ.) × (98 గ్రా. ఆమ్లం / 100 గ్రా. ద్రావణం) × (1 మోల్ / 98 గ్రా. ఆమ్లం) = 18.4 మోల్ / లీ.

ఇక్కడ రెండు 98లు ఒకదానినొకటి కొట్టివేసుకొంటున్నాయి. అది కేవలం కాకతాళీయం. మొదటి 98 నూరు గ్రాముల ద్రావణంలోని ఆమ్లాన్ని చెబుతున్నది, రెండవ 98 ఒక మోల్ ఆమ్లపు బరువును చెబుతున్నది. అంకెలు కవలలైనా ఇంటిపేర్లు వేరు. ఇంకొక సంగతి. వట్టి 'గ్రా.' అని వ్రాసినా చాలదు, దేని గ్రాములో వ్రాయాలి. ద్రావణపు గ్రాములనూ ఆమ్లపు గ్రాములనూ కలిపి కొట్టివేసేవారి సంఖ్య, ప్రమాణం అసలే వ్రాయని వారి సంఖ్యకు తీసిపోదు.

ఘనపరిమాణం దగ్గర మరొక చిక్కు ఉన్నది. ఒక మీటరుకు 100 సెంటీమీటర్లు గనుక ఒక ఘనపు మీటరుకు 100 ఘనపు సెంటీమీటర్లు అనుకొంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మారాలి కావున నూరును మూడుమార్లు గుణించాలి. పది లక్షల ఘనపు సెంటీమీటర్లు, అనగా 1000 లీటర్లు. దీనిని మరచిపోకుండా ఉండడానికి మిద్దెల మీద ఉండే వేయి లీటర్ల నీళ్ళ ట్యాంకును జ్ఞాపకం చేసుకోండి. అందులో పట్టే నీరు సరిగా ఒక ఘనపు మీటరు. నూరు ఘనపు సెంటీమీటర్లు అంటే ఒక చిన్న చాయ్ గ్లాసెడు. ట్యాంకెడు నీళ్ళను చాయ్ గ్లాసులో పోసిన జవాబు కాగితం మీద కనబడినప్పుడు ఏదో జరిగిందని గ్రహించడానికి శాస్త్రజ్ఞానం అక్కరలేదు.

ఇది చదివి, 'ఇవన్నీ పరీక్ష మార్కుల సంగతులే కదా' అని కొందరనుకోవచ్చు. 1983 జూలై 23న కెనడా దేశంలో జరిగిన సంఘటన అటువంటి వారు వినదగినది. ఎయిర్ కెనడా సంస్థకు చెందిన బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ పోవలసి ఉన్నది. కెనడా అప్పుడు పౌండ్ల పద్ధతి నుంచి మెట్రిక్ పద్ధతికి మారుతున్నది. ఆ క్రొత్త విమానంలో ఇంధనం లెక్క కిలోగ్రాములలో కట్టాలి. నాడు ఇంధన సూచికలు పనిచేయడం లేదు. కావున కొలకర్రతో కొలిచి ట్యాంకులలో 7,682 లీటర్లు ఉన్నదని తెలుసుకొన్నారు. ప్రయాణానికి 22,300 కిలోగ్రాములు కావాలి. లీటర్ల నుంచి బరువుకు పోవడానికి సాంద్రత అవసరం. వారు వాడిన సంఖ్య 1.77. అది లీటరుకు పౌండ్లు! లీటరుకు కిలోగ్రాములలో అది 0.803 మాత్రమే.

వారి లెక్కను ప్రమాణాలతో తిరిగి వ్రాసి చూడండి. 7,682 లీటర్లను లీటరుకు 1.77 పౌండ్లతో గుణిస్తే సుమారు 13,600 పౌండ్లు వస్తాయి. దానిని వారు కిలోగ్రాములని అనుకొన్నారు. 22,300లో నుంచి తీసివేసి, మిగిలిన 8,700ను మరల 1.77తోనే భాగించి, సుమారు 4,900 లీటర్లు పోయించారు. వాస్తవానికి పోయవలసినది 20,000 లీటర్లకు పైమాట. విమానం బయలుదేరేనాటికి అందులో ఉన్న ఇంధనం సుమారు 10,100 కిలోగ్రాములు, అవసరమైన దానిలో సగం కూడా లేదు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అన్నీ తప్పులేకుండా జరిగాయి. ఒకరు కాదు, పలువురు సరిచూచారు. కిలోగ్రాములలో నుంచి పౌండ్లను తీసివేస్తున్నామన్న సంగతి మాత్రం, కాగితం మీద ఆ పేర్లు ఎదురెదురుగా నిలువకపోవడం వలన, ఎవరికీ తట్టలేదు.

41,000 అడుగుల ఎత్తున ఎగురుతూ ఉండగా ఇంధనం అయిపోయి ఎంజన్లు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. అందులో 61 మంది ప్రయాణికులు, 8 మంది సిబ్బంది ఉన్నారు. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఎంజను లేని గ్లైడరు నడపడంలో అనుభవముండుట వారి అదృష్టం. సహపైలట్ మారిస్ క్వింటాల్ సహాయంతో ఆయన ఆ భారీ విమానాన్ని గాలిలో జారుస్తూ గిమ్లీ అనే ఊరిలోని పాత వైమానిక స్థావరంలో దించారు. ఆ రన్‌వే మీద ఆనాడు కార్ల పందెపు సందడి జరుగుతున్నది! ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ విమానాన్ని నాటినుంచీ 'గిమ్లీ గ్లైడర్' అని లోకం పిలుస్తున్నది. అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకకు 1999 సెప్టెంబరులో అంతటి అదృష్టం కలుగలేదు. ఒక జట్టు పౌండ్-బలం సెకన్లలో ఇచ్చిన అంకెలను మరొక జట్టు న్యూటన్ సెకన్లుగా తీసుకొన్నది. ఆ నౌక అంగారక గ్రహం చేరీ చేరగానే నష్టమైపోయింది.

తిరిగి మన తరగతికి వద్దాము. వాయువుల పాఠంలో సార్వత్రిక వాయు స్థిరాంకం వస్తుంది. పుస్తకంలో దానికి 0.0821 అనీ, 8.314 అనీ, 1.987 అనీ మూడు విలువలు కనబడతాయి. స్థిరాంకమంటూనే ఇన్ని విలువలేమిటని విద్యార్థి కలవరపడతాడు. ఏది ఎప్పుడు వాడాలో తెలియక, ఎక్కువ మంది ఏది వాడితే అది వాడతాడు. ఆ కలవరం న్యాయమైనదే. కాని స్థిరాంకం ఒకటే. మొదటిది లీటరు అట్మాస్ఫియర్లలో, రెండవది జౌళ్ళలో, మూడవది కెలోరీలలో చెప్పినది. ఒక లీటరు అట్మాస్ఫియర్ అంటే సుమారు 101.3 జౌళ్ళు. 0.0821ని 101.3తో గుణించి చూడండి, సుమారు 8.31 వస్తుంది. కెలోరీకి 4.184 జౌళ్ళు. 1.987ను 4.184తో గుణించండి, అదే 8.31. ఒకే మనిషిని ఇంట్లో బేటా అనీ, బడిలో పూర్తి పేరుతోనూ, వీధిలో మరొక ముద్దుపేరుతోనూ పిలిచినట్లే ఇది. లెక్కలో పీడనం అట్మాస్ఫియర్లలోనూ ఘనపరిమాణం లీటర్లలోనూ ఉంటే మొదటి పేరు, పాస్కల్‌లూ ఘనపు మీటర్లూ అయితే రెండవ పేరు.

ఉష్ణోగ్రత మాత్రం ఈ గుణకారపు కట్టుబాటుకు లొంగదు. సెల్సియస్ నుంచి కెల్విన్‌కు పోవడానికి 273.15 కలుపవలసినదే. అక్కడి సున్నా వేరు, ఇక్కడి సున్నా వేరు. 27 డిగ్రీల వాయువును 54 డిగ్రీలకు వేడిచేస్తే ఘనపరిమాణం రెట్టింపవుతుందని వ్రాసేవారున్నారు. కెల్విన్‌లో చూస్తే 300 నుంచి 327కు, అనగా నూటికి తొమ్మిది వంతులే పెరిగింది.

గ్రాముల నుంచి మోల్‌లకు పోవడం రసాయనశాస్త్రానికి ప్రత్యేకమైన మార్పిడి. 2019 మే 20 నుంచి మోల్ అంటే సరిగా 6.02214076 × 10²³ కణాలని అంతర్జాతీయంగా నిర్ణయించబడినది. ఇది పుస్తకానికే పరిమితమైన వ్యవహారం కాదని మాకు ఒక ఇంటిలో తెలిసింది. మా బంధువులలో ఒక పెద్దమనిషికి మధుమేహం. ఇంగ్లండులో ఉన్న కుమార్తె వద్దకు పోయినప్పుడు అక్కడి పరీక్షలో పరగడుపు చక్కెర 7.0 అని వచ్చింది. ఇక్కడ 126, 140 అని వినడానికి అలవాటుపడిన ఆయన భార్య ఫోనులో ఆ ఏడు విని, చక్కెర పూర్తిగా పడిపోయిందని ఏడ్వసాగింది. మన దేశంలో రక్తంలోని గ్లూకోజును డెసిలీటరుకు మిల్లీగ్రాములలో చెబుతారు. ఇంగ్లండులో లీటరుకు మిల్లీమోల్‌లలో చెబుతారు. గ్లూకోజు అణుభారం 180. లీటరుకు 7 మిల్లీమోల్‌లంటే 7 × 180 = 1260 మిల్లీగ్రాములు. లీటరులో పదవ వంతు డెసిలీటరు గనుక డెసిలీటరుకు 126. మొత్తం మీద 18తో గుణిస్తే సరిపోతుంది. ఆ లెక్కను ఫోనులో వివరించి ఆమెను ఊరడించినది ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమరాలు. 18 ఎక్కడినుంచి వచ్చిందో ఆ పిల్లకు తెలుసు. ఆ రోజు ఆ ఇంట్లో ఆమె గౌరవం ఎంత పెరిగిందో ఏ ప్రమాణంలో చెప్పాలో మాత్రం మాకు తెలియదు.

ఇంకను దగ్గరి ఉదాహరణ పసిపిల్లల జ్వరపు మందు. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.కు 125 మిల్లీగ్రాములున్నదీ, 250 మిల్లీగ్రాములున్నదీ రెండూ దుకాణాలలో లభిస్తాయి. చుక్కల మందులో మి.లీ.కే 100 మిల్లీగ్రాములుంటుంది. డాక్టరు ఒక బిడ్డకు 150 మిల్లీగ్రాములు నిర్ణయించారనుకొందాము. మొదటి సీసాలో నుంచి 6 మి.లీ., రెండవ దానిలో నుంచి 3 మి.లీ., చుక్కల మందైతే 1.5 మి.లీ. ఇవ్వాలి. పోయినసారి 6 మి.లీ. పోశాము కదా అని చుక్కల సీసాలో నుంచి 6 మి.లీ. పోస్తే నాలుగింతలవుతుంది. ఫార్మసీ, నర్సింగు చదవాలనుకొనే విద్యార్థినులు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. వారు ఈ మూడు లెక్కలను ప్రమాణాలతో సహా స్వయంగా వ్రాసి చూచుకోవాలని కోరుతున్నాము.

పేరు ఒకటే అయి కొలత వేరైనప్పుడు మోసపోవడం మరింత సులభం. మణుగు అనే మాటనే తీసుకోండి. మద్రాసు రాజధానిలో ఎనిమిది వీశెల మణుగు సుమారు 11 కిలోలు. బ్రిటిషు వారి బెంగాల్ కొలతలో నలభై సేర్ల మణుగు 37 కిలోలకు పైన. తులం 11.66 గ్రాములు. నేటి బంగారు దుకాణాలలో తులమంటే 10 గ్రాములుగా చెల్లుబాటవుతున్నది. జకాత్‌కు బంగారం పరిమితి ఏడున్నర తులాలని మన ఇళ్ళలో పెద్దలు చెప్పే మాట పాత తులానిది, 87.48 గ్రాములు. దుకాణపు తులంతో లెక్కిస్తే 75 గ్రాములే అవుతుంది. ఇరువురూ ఏడున్నర తులాలనే అంటారు, ఇరువురి మధ్య పన్నెండు గ్రాముల బంగారం వ్యత్యాసం.

మా నానా, అనగా అమ్మగారి తండ్రి, కిరాణా దుకాణం నడిపేవారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినప్పటి సంగతులను ఆయన వర్ణించి చెప్పేవారు. అణాకు సరిగా ఆరుంపావు నయాపైసలు. పావు పైసా నాణెం లేదు గనుక అణాను ఆరు పైసలుగా లెక్కించేవారు. పదహారుమార్లు అణా సరుకు అమ్మితే 96 పైసలే చేతికి వచ్చేవి. నాలుగణాల సరుకును ఒకేసారి అమ్మితే సరిగా 25. అందుచేత ఆయన రోజంతా అణాలలోనే మనసులో కూడి, సాయంత్రం ఒక్కమారు పైసలలోనికి మార్చేవారట. మధ్యలో ప్రతి మెట్టు దగ్గరా దశాంశాలను సవరించవద్దు, చివర ఒక్కసారి సవరించండి అని రసాయనశాస్త్ర అధ్యాపకులు చెప్పేదీ సరిగా ఇదే. మా నానా సార్థక అంకెలన్న మాట విని ఎరుగరు. పదహారణాల తెలుగుదనం అనే జాతీయంలో ఆ నాణెం ఇప్పటికీ మన భాషలో చెల్లుతూనే ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. రసాయన ప్రయోగశాల గోడ మీద ఒక నల్లబల్ల ఏర్పాటు చేయించి, దానిపై ముఖ్యమైన సమానతలను తెలుగులోనూ, ఉర్దూలోనూ, ఇంగ్లీషులోనూ వ్రాయించాలి. భాష వైపు పనికి మేమూ, ఉర్దూ శాఖ మిత్రులూ సిద్ధంగా ఉన్నాము. రసాయనశాస్త్ర శాఖవారు తప్పులు దిద్దితే చాలు. ఖర్చు అధికం కాదు. మొదటి సంవత్సరపు మొదటి పది తరగతులలో క్రొత్త పాఠమేదీ చెప్పక, ఈ మార్పిడులనే ప్రమాణాలు విడువకుండా వ్రాయిస్తే బాగుంటుందని మా అభిప్రాయం. సిలబసు వెనుకబడుతుందని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ పది తరగతులూ లేకపోవడం వలన సంవత్సరమంతా వెనుకబడేవారిని మేము చూస్తున్నాము.

పైన చెప్పిన 0.0004 అమ్మాయి గ్రూపు మారలేదు. ఆమె ఇప్పుడు వ్రాసే కాగితాలలో కొట్టివేతల గీతలు ఎక్కువగా ఉండి చూడడానికి అంత ముచ్చటగా ఉండవు. మొన్న మా తెలుగు పరీక్షలో వ్యాసం చివర ఎన్ని పంక్తులు వ్రాసిందో లెక్కపెట్టి, '32 పంక్తులు' అని ప్రక్కన వేసింది. మేము ఎర్రసిరాతో దానిని కొట్టివేయలేదు.